ఏకమనస్కుల లెక్క

మనిషి ఒంటరిగా ఏడిస్తే దాన్ని దుఃఖమంటారు. పదిమందితో కలిసి ఏడిస్తే దాన్ని సంఘమంటారు. ఆ పదిమందినీ వరుసగా నిలబెట్టి, లెక్కపెట్టి, గీతలు గీసిన కాగితం మీదికి ఎక్కిస్తే దాన్ని పరిపాలన అంటారు. మొదటి రెండు మెట్లు ఎక్కడానికి మానవజాతికి కొన్ని వేల ఏళ్ళు పట్టింది. మూడో మెట్టును జమ్మలమడుగు తాలూకా గుండ్లమిట్టలోని క్రైస్తవ సంఘం 1928లో, ఒక్క ఎండాకాలంలో ఎక్కేసింది. ఆ ఎక్కడంలో కింద మిగిలిపోయిన మనిషి పేరు జీవమ్మ.

సంగతి ఒక ఫారంతో మొదలైంది. ఏటా మాఘం వెళ్ళగానే మిషను వారి పై ఆఫీసు నుంచి ప్రతి ఊరి సంఘానికీ ఒక ఫారం వచ్చేది. అందులో పది గడులు ఉండేవి. బాప్తిస్మం తీసుకున్నవారు ఎందరు, బడికి వచ్చే పిల్లలు ఎందరు, తాగుడు మానినవారు ఎందరు, మళ్ళీ మొదలుపెట్టినవారు ఎందరు (ఈ రెండు గడులకూ ఒకే అంకె వేయడం గుండ్లమిట్ట ఆనవాయితీ), గుడి కప్పుకు ఎన్ని పెంకులు తక్కువ, ఇలాంటివి. ఆ ఏడు కొత్తగా పదకొండో గడి వచ్చింది. "సంఘములో ఏకమనస్కులు ఎందరు?" అని దాని మీద అచ్చువేసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో, "అంచనా పనికిరాదు. లెక్కించి వ్రాయవలెను" అని కూడా ఉంది. ఆ గడిని చేర్చిన దొరగారు ఎండలకు తాళలేక అప్పటికే చల్లని కొండలకు వెళ్ళిపోయారు. దాని అర్థమేమిటని అడుగుతూ ఉత్తరం రాస్తే, జవాబు వానల తర్వాతే వస్తుందని చెప్పారు. వానలు ఎప్పుడు వస్తాయో గుండ్లమిట్టలో ఎవరూ చెప్పలేరు.

ఫారం నింపే బాధ్యత ఉపదేశి బాలస్వామిది. పాస్టరు ఏడాదికి రెండుసార్లు బండి మీద వచ్చిపోతాడు. మిగతా రోజుల్లో ప్రార్థనలూ, బడీ, తగవులూ, లెక్కలూ అన్నీ ఉపదేశే చూసుకోవాలి. బాలస్వామి చెడ్డవాడు కాడు. జ్వరమొచ్చినవాడి కోసం ఆరు మైళ్ళు నడిచి మందు తెచ్చే మనిషి. కాకపోతే ఆయనకు గీతలంటే ప్రాణం. ఖాళీ గడి కనబడితే అన్నం సహించదు. పదేళ్ళలో ఆయన పంపిన ఫారం ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆ పేరు చెడగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

అందుకని ముగ్గురితో మనోభావ పరిశీలన కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు బాలస్వామి, సభ్యుడు సంఘపెద్ద గాబ్రియేలు, రాసే పని కృపమణిది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే ఆమె కాబట్టి రాత గుండ్రంగా ఉండేది.

"దీనికింత ఆలోచన ఎందుకప్పా," అన్నాడు గాబ్రియేలు. "అందరినీ కూచోబెట్టి, మీది ఒకే మనసేనా అని అడిగితే సరిపాయె."

"అడిగితే అవునంటారు. అది అంచనా కిందికి వస్తుంది. కంటికి కనపడేది కావాలి," అన్నాడు బాలస్వామి.

కంటికి కనపడేది కంట్లోనే ఉంటుందని కమిటీ తేల్చింది. అవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు రోజులు. శుక్రవారం శుక్రవారం గుడిలో శిలువ మరణం చెప్పుకొని, పాట పాడి, ఏడవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ ఏడుపును పద్ధతి ప్రకారం గమనిస్తే, ఎవరి మనసు అందరి మనసుతో కలిసిందో తెలిసిపోతుంది. దీనికోసం బాలస్వామి తొమ్మిది నియమాలు రాశాడు. ఏడుపు పాట మొదటి చరణం ముగిసేలోపల మొదలుకావాలి. అందరికంటే ముందు ఏడిస్తే అది గర్వం, అందరి తర్వాత ఏడిస్తే అది అనుకరణ. కన్నీరు చెంప ఎముక దాటాలి (కంట్లోనే నిలిచిపోయిన నీటిని దుఃఖంగా కాక ఆలోచనగా పరిగణించాలి). ముక్కు చీదడాన్ని సాక్ష్యంగా తీసుకోరాదు. మిగిలిన నియమాలు ఇంతకంటే కఠినమైనవి.

మొదటి శుక్రవారం కమిటీ గోడవారగా నిలబడి లెక్కపెట్టింది. గుండ్లమిట్టలో పెద్దవాళ్ళు అరవై నలుగురు. ఏకమనస్కులుగా తేలినవారు పదిహేడుగురు. వాళ్ళందరిలోకీ మొదటి స్థానం జీవమ్మ మొగుడు ఓబన్నకు వచ్చింది.

ఓబన్న బండల గనిలో పని చేసేవాడు. ఇరవై ఏళ్ళుగా నాపరాయి కొట్టీ కొట్టీ ఆ దుమ్ముకు అతని రెండు కళ్ళూ ఎప్పుడూ కారుతూనే ఉండేవి. పెళ్ళిలోనూ కారేవి, సంతలోనూ కారేవి, గొర్రెపిల్లను బేరమాడేటప్పుడూ కారేవి. ఆ శుక్రవారం అతని కన్నీరు చెంప ఎముకే కాదు, గడ్డం దాటి చొక్కా మీద పడింది.

"అయ్యా, ఇది బండల దుమ్ము అయ్యా. నేను ఏడుస్తాలేను," అన్నాడు ఓబన్న, తన పేరు మొదట చదవగానే లేచి నిలబడి.

కమిటీ లోపలికి వెళ్ళి చర్చించి వచ్చింది. ఓబన్న మాటలను వినయంగా పరిగణిస్తున్నామనీ, వినయం అదనపు యోగ్యత అనీ, ఇకపై అతడు ముందు వరుసలో కూర్చోవాలనీ ప్రకటించింది. మిగతావాళ్ళు అతన్ని చూసి నేర్చుకోవాలి.

పుల్లన్న విషయంలో మాత్రం కొంత చిక్కు వచ్చింది. అతడు భోరున ఏడ్చాడు. సమయం సరిపోయింది, కొలత సరిపోయింది. బయటికి వచ్చాక కృపమణి ఊరికే ఉండక, "ఏది తల్చుకొని ఏడ్చినావు పుల్లన్నా?" అని అడిగింది.

"మా కర్రి ఎద్దు చచ్చిపాయె గదమ్మా మొన్న. దుక్కికి శానా మంచిది," అన్నాడు పుల్లన్న, మళ్ళీ కళ్ళు తుడుచుకుంటూ.

ఈ లెక్కన ఒక్కొక్కరినీ అడిగితే ఎక్కడ తేలుతుందోనని కమిటీకి భయం వేసింది. తిమ్మన్నను అడిగితే కరువులో చేయి జారిన చేను అన్నాడు. విశ్వాసమ్మను అడిగితే మా అత్త అంది. చనిపోయినందుకా అంటే, కాదు బతికున్నందుకు అంది. ఏడుపుకు కారణం విచారించడం కమిటీ పరిధిలోకి రాదని అప్పటికప్పుడు పదో నియమం చేర్చారు. దాంతో పదిహేడు మంది పదిహేడు సంగతులకు ఏడ్చి ఒకే మనసు గలవారయ్యారు.

జీవమ్మ పేరు ఆ జాబితాలో లేదు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయని కృపమణి గుండ్రని అక్షరాలతో రాసింది.

జీవమ్మ గురించి ఇక్కడ కొంత చెప్పాలి. ఆ పల్లెలో ఎవరి ఇంట్లో ప్రాణం పోయినా మొదట కబురు వెళ్ళేది ఆమెకే. ఆమె వచ్చి పొయ్యి రాజేసి నీళ్ళు కాచేది. శవాన్ని కడిగి, తల దువ్వి, కోరా గుడ్డ చుట్టేది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినవాళ్ళ నోట్లో నీళ్ళు పోసేది. ఆ ఇంటి పిల్లలకు మూడు రోజులపాటు కొర్రన్నం వండిపెట్టేది. ఈ పని చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అరవైమంది ఏడుస్తున్నప్పుడు ఎవరో ఒకరు ఏడవకుండా ఉండాలి కాబట్టి ఆమె ఉండేది. ఆమె ఏడవదని కాదు. పనులన్నీ ముగిశాక, నాలుగో రోజో ఐదో రోజో, కొర్రచేలో కలుపు తీస్తూ ఎవరూ లేని చోట కూర్చుని కడుపారా ఏడ్చేది. తర్వాత మొహం కడుక్కుని ఇంటికి వచ్చేది. కొర్రచేలో కమిటీ సభ్యులెవరూ ఉండరు.

ఇంతవరకు అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. జీవమ్మ కూడా నవ్వుకుంది. "నా మొగుడు దుమ్ముతో పరలోకం పోతాండాడు, నేను ఈడనే ఉంటా," అని బావి దగ్గర అందరినీ నవ్వించింది. కానీ రెండో వారం కమిటీ ఆ బావి గురించే ఆలోచించింది.

ఆ బావిని పదేళ్ళ కిందట, కరువు ఏట, మిషను వారు తవ్వించారు. ఊరి బావిలో ఈ పల్లెవాళ్ళ కడవ ముంచనివ్వరు కాబట్టి తవ్వించారు (ఎందుకు ముంచనివ్వరో ఊళ్ళో అందరికీ తెలుసు, ఏ ఫారంలోనూ దానికి గడి లేదు). గట్టు మీద ఒక నాపరాయి పాతి, దాని మీద "సంఘము కొరకు" అని చెక్కించారు. చెక్కింది ఓబన్నే. ఎండాకాలం వచ్చేసరికి ఆ బావిలో ఊట తగ్గేది. పొద్దున తోడినవాళ్ళకు తేట నీళ్ళు, పొద్దు గూకేటప్పుడు తోడినవాళ్ళకు బురద.

బాలస్వామి ఆ రాయిని చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. బావి సంఘం కొరకు. సంఘమంటే ఒకే మనసు గలవారు. ఒకే మనసు గలవారు ఎవరో ఇప్పుడు లెక్క తేలింది. కాబట్టి జాబితాలో ఉన్నవారు పొద్దున, జాబితా క్రమంలో తోడుకోవాలి. మిగిలిన నీళ్ళు మిగిలినవారికి. ఇందులో తప్పు ఎక్కడుందో గాబ్రియేలు వెతికాడు గాని దొరకలేదు. ఆయన పేరు మూడోది.

ఆ ప్రకటన వెలువడిన తర్వాతి శుక్రవారం గుండ్లమిట్టలో దుఃఖం బాగా పెరిగింది. పదిహేడు నలభై ఒకటయింది. ఆ పై శుక్రవారం అరవై రెండయింది. పాట ఎత్తుకోగానే, చరణం సగంలో ఉండగానే, అరవై ఒక్క జతల కళ్ళ నుంచి నీళ్ళు ఒక్కసారిగా చెంప ఎముకలు దాటేవి. చరణం ముగియగానే ఆగిపోయేవి. ఆ క్రమశిక్షణ చూసి బాలస్వామికి నిజంగానే కన్ను చెమర్చింది. అది చెంప ఎముక దాకా రాలేదు. అధ్యక్షుడు కాబట్టి ఆయన పేరు పరీక్ష లేకుండానే జాబితాలో ఉంది.

మిగిలినవాళ్ళు ఇద్దరు. ఒకరు జీవమ్మ. రెండో ఆమె స్వయానా బాలస్వామి తల్లి రత్నమణి. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. ఉపదేశి తల్లి అని మర్యాదకు ఆమె పేరు రాసి ఉంటే, కృపమణి చేత దగ్గరుండి కొట్టివేయించుకుంది.

ఓబన్నకు మొదటి వంతు ఉంది కదా, ఆ నీళ్ళు ఇంటికి వస్తాయి కదా అనుకోవచ్చు. ఓబన్న తెల్లవారేసరికే గనికి వెళ్ళిపోవాలి. వంతును పెళ్ళానికి ఇచ్చి వెళ్తానని కమిటీని అడిగాడు. "ఒకరి దుఃఖంతో మరొకరి కడవ నింపరాదు" అని పదకొండో నియమం వచ్చింది. రోజూ మొదటి వంతు ఖాళీగా పోయేది. దాని గౌరవార్థం బావి దగ్గర కాసేపు ఎవరూ తాడు ముట్టుకోకుండా నిలబడేవాళ్ళు.

జీవమ్మ వాగుకు వెళ్ళడం మొదలుపెట్టింది. మైలు దూరం. ఇసుకలో చెలమ తవ్వి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, చిప్పతో కడవ నింపుకోవాలి. మొదటి రోజు తల ఎత్తి చూస్తే, గుడ్డ చుట్టుకున్న నెత్తి మీద చిన్న ముంత పెట్టుకొని రత్నమణి కర్ర పొడుచుకుంటూ వస్తోంది.

"నీకేం కర్మ పెద్దమ్మా, ఈ ఎండలో యాడికొస్తాండావు?" అంది జీవమ్మ.

"నాకూ ఏడుపు రాలేదే," అంది ముసలమ్మ, ఇసుకలో చతికిలబడుతూ. "వాడు పాట ఎత్తుకొని మా మొగాలు చూస్తాంటే నాకు నవ్వొస్తాది. చిన్నప్పుడు గుడ్లు పొదిగే పెట్టను గూడా అట్లనే చూస్తాండె."

"కొడుకు మాట నిలబెట్టొచ్చు గదా. ఒక చుక్క కారిస్తే ఏమైతాది?"

"నువ్వు కారిస్తే ఏమైతాది?"

జీవమ్మ చిప్పతో ఇసుక తోడింది. చెలమలో నీళ్ళు అరచేతి లోతు ఊరాయి.

"మా అమ్మ కాలంలో ఊరి బావికాడికి పోతే పుట్టుక చూసి ఎల్లగొట్టిరి," అంది రత్నమణి. "మనకంటూ ఒక బావి వచ్చె. ఇప్పుడు మనోళ్ళే కండ్లు చూసి ఎల్లగొడతాండారు. వాళ్ళకైనా పుట్టుక ఉండాది చూసేదానికి. వీళ్ళకు ఇంత నీళ్ళచుక్క సాలె." కర్ర పక్కన పెట్టి, "ఇదిగో జీవమ్మా, నేను పోతే నన్ను కడిగేది నువ్వే. ఆ అరవై రెండు మందిలో ఒకరు గూడా నా మీద చెయ్యి ఎయ్యగూడదు. చెప్పినా," అంది.

"ఇంగా శానా రోజులు ఉంటావులే, ముందు ముంత ఇట్లియ్యి," అంది జీవమ్మ. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు. వాగు దారిలో వాళ్ళ నవ్వులు పల్లె దాకా వినిపించేవి.

జాబితా బయట ఒక్క పొడి కన్ను కూడా మిగలకూడదని బాలస్వామి పట్టుదల. తల్లి జోలికి వెళ్ళలేడు. జీవమ్మకు మాత్రం ప్రత్యేక పరీక్ష మంజూరు చేశాడు. ఒక మధ్యాహ్నం కమిటీ మొత్తం ఆమె ఇంటికి వచ్చి అరుగు మీద వరుసగా కూర్చుంది. జీవమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది.

"పని ఆపాల్సిన అవసరం లేదు. మేము పాడతాం. నువ్వు మనసు పెట్టి విను," అన్నాడు బాలస్వామి.

ముగ్గురూ పాడారు. గాబ్రియేలుకు సగం నుంచి శృతి తప్పింది. జీవమ్మ చెరుగుతూ వినింది. రెండో చరణానికి ఊక ఎగిరి గాబ్రియేలు నోట్లో పడింది, ఆయన దగ్గాడు. మూడో చరణం ముగిశాక కృపమణి పుస్తకం తెరిచి, కలం పట్టుకుని ముందుకు వంగి ఆమె ఎడమకన్ను, తర్వాత కుడికన్ను చూసింది.

"అక్కా, ఒక్క చుక్క సాలక్కా," అని గొంతు తగ్గించి బతిమాలింది. "మీ అమ్మను తల్చుకో. కారణం మేము అడగం."

"మజ్జిగ ఇయ్యనా? గొంతు ఎండిపొయ్యింటాది మీకు," అంది జీవమ్మ.

తర్వాత ఆమెకు నవ్వు ఆగలేదు. చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కృపమణికి కూడా నవ్వు వచ్చింది గాని ఆమె విధినిర్వహణలో ఉంది. "అభ్యర్థి నవ్వినది. వ్యతిరేక దిశ" అని రాసి గాబ్రియేలు చేత సంతకం పెట్టించింది. వాళ్ళు వెళ్ళిపోయాక జీవమ్మ ఖాళీ కడవ వైపు చూసింది. నవ్వినంతసేపు పట్టలేదు ఆ నవ్వు పోవడానికి. పుట్టి పెరిగిన పల్లెలో, తన చేతుల మీదుగా సగంమందిని సాగనంపిన పల్లెలో, తాను పరాయిది అయిపోయిందని ఆమెకు అప్పుడు నొప్పిగా తెలిసింది.

ఈస్టరు వెళ్ళిన తర్వాతి బుధవారం, పొద్దు బారెడెక్కాక, రత్నమణి చనిపోయింది. గంజి తాగి, ముంత కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చుని అట్లాగే పోయింది. గంట కొట్టారు. అరవై రెండు మందిలో ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ వచ్చారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. చరణం సగంలో కన్నీళ్ళు వచ్చాయి, చెంప ఎముకలు దాటాయి. చరణం ముగిసింది. కన్నీళ్ళు ఆగాయి. మళ్ళీ ఎత్తుకున్నారు. అంత చక్కని దుఃఖం ఆ తాలూకాలో ఎవరూ చూసి ఉండరు. పొయ్యి మాత్రం ఎవరూ రాజేయలేదు. నీళ్ళు ఎవరూ కాచలేదు. ముసలమ్మ గోడకు ఆనుకునే ఉంది. ఎవరు పట్టుకోవాలో, ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక, పాట ఆపితే ఆ ప్రశ్న వస్తుందని అందరూ పాడుతూనే ఉన్నారు.

బాలస్వామి తల్లి ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. ఏడవాలని ఉంది, రావడం లేదు. నాలుగు చరణాలు గడిచాయి. ఆయనకు తన నియమాలన్నీ కంఠస్థం. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గోడవారగా కృపమణి అలవాటు ప్రకారం పుస్తకం తెరిచి నిలబడి ఉంది. ఆమె తనవైపు చూసి, తల దించుకుని, ఏదో రాయడం ఆయన చూశాడు.

లేచి బయటికి నడిచాడు.

గంట మోగినప్పటి నుంచి జీవమ్మ తన గడపలోనే కూర్చుని ఉంది. కొంగు నడుముకు చుట్టుకుంది. కోరా గుడ్డ తీసి పక్కన పెట్టుకుంది. జాబితాలో లేనివారు సంఘ దుఃఖంలో పాల్గొనరాదని తొమ్మిదో నియమం. పాల్గొంటే లెక్క చెడుతుంది. పిలుపు రానిదే వెళ్ళకూడదని ఆమె పళ్ళు బిగించి కూర్చుంది. పెద్దమ్మను అట్లా వదిలేసి కూర్చోవడం ఆమెకు ప్రాణం పోతున్నట్టుగానే ఉంది.

బాలస్వామి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "జీవమ్మా... మా అమ్మ..." అన్నాడు.

"తెలుసునయ్యా. గంట వినపడె," అంది జీవమ్మ. "రెండు కడవల నీళ్ళు కావల్ల. నా ఇంట్లో ఉండేవి వాగు నీళ్ళు, అడుగంతా మట్టి. పెద్దమ్మను మట్టినీళ్ళతో కడగను. బావిలో నా వంతు పొద్దు గూకేటప్పుడు. నువ్వే రాసినావు. ఏం జేద్దామో నువ్వే చెప్పు."

జీవమ్మ రెండు కడవలు తీసుకుని లేచింది. బాలస్వామి ఆమె చేతిలోంచి ఒకటి అందుకున్నాడు, ఇద్దరూ బావికి నడిచారు.

బావి దగ్గర ఇంకెవరూ లేరు. అందరూ ఆయన ఇంట్లో ఏడుస్తున్నారు. పదకొండు నియమాలు రాసిన మనిషి ఆ తాడు దగ్గరికి వచ్చి దాన్ని పట్టుకుని ఏళ్ళయింది. కడవ గోడకు కొట్టుకుంటూ దిగింది. మునిగింది. పైకి లాగుతుంటే అరచేతులు కాలాయి. సగం దూరం వచ్చింది. "సంఘము కొరకు" అన్న రాయికి కాలు ఆనించి లాగుతున్నవాడు అట్లాగే నిలిచిపోయాడు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత ఏడుపు వచ్చింది. చరణం లేదు, కొలత లేదు, ముక్కు కారింది, నోరు వంకర పోయింది, పసిపిల్లవాడిలా అమ్మా అని అరిచాడు. చేతుల్లో తాడు జారింది.

జీవమ్మ ఒక్క అంగలో వచ్చి తాడు పట్టుకుంది. కడవ గాలిలో ఆగింది.

"రానీ అయ్యా," అంది. "ఈడ రాసేవాళ్ళు ఎవరూ లేరు."

ఆయన గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఆమె తాడు లాగి కడవ పైకి తీసింది. రెండో కడవ కూడా తోడింది. ఆమె కళ్ళలో నీళ్ళు ఉన్నాయో లేదో ఆయన చూడలేదు. తర్వాత ఇద్దరూ చెరో కడవా మోసుకుని వెళ్ళారు. జీవమ్మ పొయ్యి రాజేసింది, నీళ్ళు కాచింది, రత్నమణిని కడిగి, తల దువ్వి, గుడ్డ చుట్టింది. పాడుతున్నవాళ్ళకు తాగడానికి నీళ్ళు ఇచ్చింది. పొద్దు తిరిగేలోగా ముసలమ్మను సమాధుల దొడ్డిలో పడుకోబెట్టారు.

ఫారం పంపే గడువు ఆ శనివారం. బాలస్వామి పది గడులు ఎప్పటిలాగే నింపాడు. పదకొండో గడి దగ్గర చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి "ఇద్దరు" అని రాశాడు. వివరాలు రాసే చోట, "కడిగినవారు ఒకరు, కడిగించుకున్నవారు ఒకరు. ఇది అంచనా కాదు" అని రాసి పంపాడు. తర్వాత బావి దగ్గరికి వెళ్ళి, వంతుల వరుస ఇక లేదని చెప్పాడు. పైనుంచి జవాబు వచ్చేదాకా ఎవరైనా ఎప్పుడైనా తోడుకోవచ్చు. నాలుగు నెలలు ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు తోడుకున్నారు, తోపులాట కూడా పెద్దగా జరగలేదు. పుల్లన్న కొత్త ఎద్దును కొన్నాడు. ఓబన్నను ముందు వరుస నుంచి దిగమంటే దిగి, వెనక కూర్చుని హాయిగా నిద్రపోయేవాడు.

వానలు రాలేదు గాని జవాబు వచ్చింది. ఆదివారం ప్రార్థన ముగిశాక గాబ్రియేలు దాన్ని నిలబడి చదివాడు. ఉత్తరం ఇలా ఉంది:

"మీ పదకొండవ గడిలోని సంఖ్య పరిశీలించబడినది. ఇద్దరిలో ఒకరు మృతులగుటచే వారి మనస్సు లెక్కకు రాదు. మిగిలిన ఒకరు తనతో తాను ఏకమనస్కులగుట నియమవిరుద్ధము. కావున ఇద్దరినీ కొట్టివేయడమైనది. కృపమణి గారు విడిగా పంపిన పుస్తకము సంతృప్తికరముగా ఉన్నది. అందులోని అరవై ఇద్దరిలో, తల్లి మరణసమయమున కన్నీరు లేనట్టు నమోదైన ఉపదేశి పేరు తీసివేసి, అరవై ఒకటి ఖాయపరచడమైనది. బావి వంతుల పద్ధతి శ్లాఘనీయము. దానిని వెంటనే పునరుద్ధరించి, ప్రతిని ఇరుగుపొరుగు గ్రామములకు పంపవలెను. క్రొత్త ఉపదేశి వచ్చువరకు పాతవారే పని చూడవలెను."

"తనతో తాను ఏకమనస్కులగుట" దగ్గరే తిమ్మన్నకు కిసుక్కున నవ్వు వచ్చింది. అది విశ్వాసమ్మకు అంటుకుంది, అక్కడినుంచి పుల్లన్నకు. ఉత్తరం ముగిసేసరికి గుడి మొత్తం పొట్ట పట్టుకుని నవ్వుతోంది. గాబ్రియేలు నవ్వాడు. కృపమణి పుస్తకం జారవిడిచి నవ్వింది. బాలస్వామి కూడా నవ్వాడు. జీవమ్మ నవ్వీ నవ్వీ ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి, చెంప ఎముకలు దాటి, మెడ మీదికి వచ్చాయి. ఆ ఊళ్ళో ఉన్న అరవై ముగ్గురూ ఒకే క్షణంలో, ఒకే సంగతికి, ఎవరూ చెప్పకుండా ఒక్కటిగా కదిలిపోవడం అదే మొదటిసారి. ఫారంలో నవ్వుకు గడి లేదు కాబట్టి దాన్ని ఎవరూ రాయలేదు.

నవ్వు ఆగాక అందరూ కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు వెళ్ళి కడవలు తెచ్చుకున్నారు. బావి దగ్గర, పుస్తకంలో ఉన్న క్రమం ప్రకారం, అరవై ఒక్కరూ వరుసగా నిలబడ్డారు. విశ్వాసమ్మ వెనక్కి తిరిగి జీవమ్మ వైపు ఒకసారి చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది. ఊట బాగా తగ్గి ఉంది.

వరుస చివర జీవమ్మ కడవ దించుకుని నిలబడింది. ఆమె వెనక, తల్లి ముంత చేత పట్టుకుని, బాలస్వామి వచ్చి నిలబడ్డాడు.

లెక్క ప్రకారం అక్కడ ఎవరూ లేరు.